ఆ పిల్లవాడిని వేదిక ఎందుకు ఎక్కించాం?

డిసెంబరులో విశాఖపట్నంలో మన సంఘం జరిపిన సేవా కార్యక్రమం ఫోటోలు అందరూ చూసే ఉంటారు. నేను ఒక్క ఫోటో దగ్గరే ఆగిపోయాను. జుట్టు రాలిపోయిన పిల్లవాడు చెక్కు అందుకుంటున్నాడు. బ్లడ్ క్యాన్సర్. మెడలో పూలదండ, ముఖం కనబడాలని గడ్డం కిందకు లాగిన మాస్కు, చుట్టూ పాతికమంది. వెనుక మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి పటం.

చెక్కు పెద్దదే, ఇచ్చినవారి మనసూ పెద్దదే. కానీ సుబ్బారావుగారి పేరు చెప్పి చప్పట్లు కొట్టిన మనం ఆయన పని గురించి కాస్త తెలుసుకోవద్దా? అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ ఈ పిల్లల చికిత్సలో ఉంది. ల్యుకేమియా ఎముక మజ్జలో పుట్టి అక్కడే ఉండిపోదు. కాలేయానికి, ప్లీహానికి, మెదడు పొరల దాకా పాకుతుంది. మింగిన మాత్ర ఆ మెదడు పొరలకు చాలినంత చేరదు కనుక మందును వెన్నులోకి సూదితో ఎక్కిస్తారు. ఇదే మందు రోగనిరోధక శక్తినీ అణచివేస్తుంది. మనకు నాలుగు తుమ్ములతో పోయే జలుబు ఈ పిల్లలను ఐసీయూకి చేర్చగలదు.

మా అక్క మనవడికి ఈ జబ్బు వచ్చినప్పుడు ఆమె మర్రిపాలెంలోని ఇంటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది. దగ్గు వినిపిస్తే చాలు, మంచినీళ్లు అక్కడే ఇచ్చి పంపేసేది. పలకరించడానికి రాకపోతేనే మాట పడే ఊరు మనది, వచ్చినవాళ్లను లోపలికి రానివ్వకపోతే ఇక చెప్పాలా? బావగారి తమ్ముడు అలిగి, కూతురి పెళ్లికి పిలవనే లేదు. ఒకరోజు మా పిన్ని సింహాచలం నుంచి కిక్కిరిసిన బస్సులో నేరుగా వచ్చింది, చేతిలో పులిహోర ప్రసాదం పొట్లం. అక్క దాన్ని కళ్లకద్దుకుని, పిన్ని ఎదుటే తాను తిని, "వాడి వంతు స్వామి దగ్గరే ఉంచమన్నాను పిన్నీ, మందులు అయ్యాక వాడే వచ్చి తీసుకుంటాడు" అంది. పిన్ని ఒక్క క్షణం ఆగి, "నువ్వు చెప్పావంటే ఉంచుతాడులే" అంటూ వరండాలో చతికిలబడి, కిటికీలోంచి వాడితో గంటసేపు కబుర్లాడింది. బడి ముఖం చూడని పిన్నికి అర్థమైన సంగతి ఇంతమంది డాక్టర్లున్న మన కార్యవర్గానికి తట్టలేదు!

సాయం కళ్లకు కనబడితేనే మరో దాత ముందుకొస్తాడని కార్యవర్గం అంటుంది. నిజమే. దాతల ఫోటోలు వేయండి, శాలువాలు కప్పండి. పిల్లలను మాత్రం వదిలేయండి, చెక్కు నేరుగా ఆసుపత్రి ఖాతాకు పంపండి.

ఇంకొక మాట. కీమోతో, అంటే క్యాన్సర్ మందులతో, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దానం చేసిన ప్లేట్‌లెట్లు సాధారణంగా ఐదు రోజులే నిల్వ ఉంటాయి. డిసెంబరులో మనం పెట్టే రక్తదాన శిబిరం జూన్‌లో ఏ బిడ్డకు అక్కరకొస్తుంది? శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చిన తండ్రి విశాఖలో ఎవరి తలుపు తడతాడు? మన చుట్టాలు, మనతో చదువుకున్నవాళ్లు సీతమ్మధారలో, గాజువాకలో, ఎంవీపీ కాలనీలో ఉన్నారు. ఒక్కొక్కరం ఇద్దరి చేతనైనా పేరు, రక్తం గ్రూపు, ఏ నెలలో పిలిస్తే రాగలరో రాయించి ఫిబ్రవరి సమావేశానికి పంపుదాం. వచ్చే దాతల ఆటో ఖర్చు సంఘమే భరించాలని నా విన్నపం.