కొలత ఉంది, పటంలోకి ఎక్కలేదు: ధ్రువ ప్రాంతాల సమాచార సహకారంలో అసలు లోటు

2010 ఆగస్టు 27న కెనడా ఉత్తరాన కొరొనేషన్ గల్ఫ్‌లో 128 మంది ప్రయాణికులతో వెళ్తున్న 'క్లిప్పర్ అడ్వెంచరర్' అనే విహార నౌక నీటి అడుగున ఉన్న రాతి గుట్ట మీదికెక్కి ఇరుక్కుపోయింది. రెండు రోజుల తర్వాత కెనడా కోస్ట్‌గార్డ్ నౌక 'అముండ్‌సెన్' వచ్చి వారందరినీ కుగ్లుక్‌టుక్ అనే చిన్న ఊరికి చేర్చింది. అదృష్టవశాత్తూ ప్రాణనష్టం జరగలేదు. విచారణలో తేలిన విషయం మాత్రం ప్రమాదం కంటే ఆలోచించదగ్గది. ఆ గుట్టను కోస్ట్‌గార్డ్ 2007లోనే గుర్తించి, నౌకలకు హెచ్చరిక నోటీసు కూడా జారీ చేసింది. మూడేళ్లు గడిచినా అది ముద్రిత సముద్ర పటంలోకి ఎక్కలేదు. నౌక సిబ్బంది ఆ నోటీసును తెప్పించుకోలేదు. నౌక యజమానులు కెనడా ప్రభుత్వం మీద దావా వేసి ఓడిపోయారు. చట్టం దృష్టిలో తప్పు నౌకదే కావచ్చు. కానీ ఒక దేశం తన సొంత జలాల్లో, తానే కనిపెట్టిన గుట్టను తన పటం మీదికి తేవడానికే మూడేళ్లు చాలకపోతే, ఎనిమిది దేశాలు ఒక మహాసముద్రాన్నీ, యాభైకి పైగా దేశాలు ఒక ఖండాన్నీ కలిసి పటంగా గీయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ధ్రువ ప్రాంతాల భౌగోళిక సమాచారం గురించి మాట్లాడేటప్పుడు చర్చ సాధారణంగా 'దేశాలు పంచుకుంటాయా, దాచుకుంటాయా' అన్న దగ్గరే ఆగిపోతుంది. పంచుకుంటామని సంతకం చేయడం ఇందులో తేలికైన భాగమని నా అభిప్రాయం. పంచుకున్న కొలతలను ఒకే రూపంలోకి తెచ్చి, దశాబ్దాల తరబడి కాపాడి, అవసరమైనవారి చేతికి సకాలంలో అందించే పనికి ఎవరు డబ్బు పెడతారు, ఎవరు బాధ్యత వహిస్తారు అన్నదే తేలని ప్రశ్న.

అంటార్కిటికా విషయంలో మాట ఎప్పుడో ఇచ్చేశారు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో కలిసి పనిచేసిన పన్నెండు దేశాలు 1959 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో అంటార్కిటిక్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. శాస్త్రీయ పరిశీలనలనూ ఫలితాలనూ ఇచ్చిపుచ్చుకోవాలని, వాటిని అందరికీ అందుబాటులో ఉంచాలని దాని మూడో అధికరణం చెబుతుంది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో అమెరికా, సోవియట్ యూనియన్ ఒకే కాగితం మీద ఈ మాటకు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయినా ఆచరణలో పేర్ల దగ్గరే చిక్కు మొదలైంది. మనం కింగ్ జార్జ్ ద్వీపంగా ఎరిగిన దీవిని అర్జెంటీనా 'మే 25 ద్వీపం' అంటుంది, రష్యన్లు 'వాటర్లూ' అంటారు. సహాయక బృందానికి రేడియోలో ఒక పేరు చెబితే వారి పటంలో మరో పేరు ఉంటుంది. అంటార్కిటిక్ పరిశోధన మీద ఏర్పడిన అంతర్జాతీయ శాస్త్ర సంఘం, అంటే అందరూ 'స్కార్' అని పిలిచే సంస్థ, ఈ పేర్లన్నిటినీ ఒకే సూచికలో చేర్చి నిర్వహిస్తోంది. ఏ పేరునూ కొట్టివేయకుండా, ఒక్కో భౌగోళిక రూపానికి ఎవరెవరు ఏ పేరు పెట్టారో పక్కపక్కన చూపడం దాని పద్ధతి. సార్వభౌమత్వ వివాదాల జోలికి పోకుండా పని జరుపుకునే తెలివి ఇందులో ఉంది.

మంచు అడుగున ఉన్న నేల సంగతి ఇంతకంటే లోతైనది. అంటార్కిటికా మంచు మొత్తం కరిగితే సముద్రమట్టం దాదాపు 58 మీటర్లు పెరుగుతుంది. అందులో ఏ భాగం ముందు జారుతుందన్నది అడుగు నేల వాలు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఉపగ్రహ చిత్రాల్లో ఆ నేల కనిపించదు. విమానానికి రాడార్ కట్టి, తిన్నటి గీతల్లో ఎగురుతూ కొలవాలి. ఏ ఒక్క దేశమూ ఖండమంతా ఇలా ఎగరలేదు కాబట్టి అనేక దేశాల కొలతలను కలిపి 2001లో 'బెడ్‌మ్యాప్' పేరుతో మొదటి పటం తయారుచేశారు. 2013లో రెండోది, 2025లో మూడోది వచ్చాయి. మొదటి పటానికి ఆధారమైన కొలతలు సుమారు 20 లక్షలు కాగా మూడోదానికి 8 కోట్లు దాటాయి. తూర్పు అంటార్కిటికాలోని విల్క్స్ ల్యాండ్‌లో పేరు లేని ఒక లోయ మీద 4,757 మీటర్ల మందాన మంచు పేరుకుని ఉందని ఈ తాజా పటమే చెప్పింది.

అయితే మొదటి రెండు పటాల కాలంలో బయటికి వచ్చినది ప్రధానంగా తుది పటమే. దాని వెనకున్న అసలు కొలతలు ఆయా సంస్థల దగ్గర, ఎవరి పద్ధతిలో వారు రాసుకున్న ఫైళ్లలో ఉండిపోయాయి. అరవై ఏళ్ల ఆ కొలతలను వెతికి, ఒకే పట్టిక రూపంలోకి మార్చి, ఏది ఎవరు ఎప్పుడు తీశారో రాసి బహిరంగంగా పెట్టే పని ఇటీవల మాత్రమే జరిగింది. పతాక శీర్షికలకెక్కని ఈ గుమస్తా పనే, నా లెక్కలో, నాలుగు కొత్త విమాన సర్వేలతో సమానం.

ఆర్కిటిక్‌కు అలాంటి ఒప్పందం లేదు. అది దేశాల మధ్య చిక్కుకున్న సముద్రం. దాని లోతులు జలాంతర్గాములకు దారులు కాబట్టి కొలతల్లో చాలా భాగం ఏళ్ల తరబడి సైనిక రహస్యాలుగా ఉండిపోయింది. 1990ల్లో తలుపులు కొంత తెరుచుకున్నాయి. అమెరికా తన అణు జలాంతర్గాములు తీసిన లోతుల సమాచారాన్ని శాస్త్రవేత్తలకు విడుదల చేసింది; రష్యాతో కలిసి ఆర్కిటిక్ మహాసముద్ర అట్లాస్‌లను ప్రచురించింది. 2008 నుంచి 2011 వరకు అమెరికా నౌక 'హీలీ', కెనడా నౌక 'లూయీ ఎస్. సెయింట్ లారెంట్' జంటగా తిరిగాయి. ఒకటి ముందు మంచు పగలగొడితే రెండోది వెనక నుంచి సముద్రగర్భాన్ని కొలిచేది. బోఫర్ట్ సముద్రంలో ఆ రెండు దేశాలకు సరిహద్దు తగాదా ఉంది. ఆ కొలతలు అవసరమైందే ఎవరి ఖండతీరపు అంచు ఎంతవరకో తేల్చుకోవడానికి. పొలం గట్టు మీద పేచీ ఉన్న అన్నదమ్ములు ఒకే సర్వేయర్‌ను పెట్టుకున్నట్టు, పోటీయే ఇక్కడ సహకారానికి కారణమైంది.

ఎనిమిది ఆర్కిటిక్ దేశాల జాతీయ పటాల సంస్థలు 'ఆర్కిటిక్ ఎస్‌డీఐ' పేరిట 2014లో అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. ఇందులో ఎవరి సమాచారం వారి సర్వర్‌లోనే ఉంటుంది; అందరూ ఒకే ప్రమాణాలు పాటించడం వల్ల చూసేవారికి ఒకే పటంగా కనిపిస్తుంది. తన సమాచారం మీద అధికారం వదులుకోనక్కర లేదు కనుక ఏ దేశానికైనా ఒప్పుకోవడం సులువు. అదే దాని బలహీనత కూడా, ఎందుకంటే ఒక దేశం తప్పుకుంటే పటంలో ఆ మేరకు ఖాళీ పడుతుంది. ఉక్రెయిన్‌పై రష్యా దాడి తర్వాత 2022 మార్చిలో మిగిలిన ఏడు దేశాలు, ఈ ఎనిమిది దేశాల వేదిక అయిన ఆర్కిటిక్ మండలి సమావేశాల నుంచి విరమించుకున్నాయి. ఆ నిర్ణయం రాజకీయంగా సమర్థనీయమే. కానీ ఆర్కిటిక్ మహాసముద్ర తీరంలో సగం రష్యాదే. ఆ నేల ఎత్తుపల్లాలను అమెరికా విశ్వవిద్యాలయాలు ఉపగ్రహ చిత్రాలతో 'ఆర్కిటిక్‌డెమ్' అనే నమూనాగా రెండు మీటర్ల సూక్ష్మతతో రూపొందించాయి కదా అనవచ్చు. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేలలో బోరు గుంత లోపలి ఉష్ణోగ్రతను మాత్రం ఆకాశం నుంచి తీయలేరు. రష్యా పరిశోధన స్టేషన్లను పక్కన పెడితే ఆర్కిటిక్ మార్పులపై మన అంచనాలు పక్కదారి పడతాయని 2024లో వచ్చిన శాస్త్రీయ అధ్యయనం హెచ్చరించింది.

తప్పంతా రష్యా వైపే అనుకోవడానికీ లేదు. 1970ల చివరి నుంచి సాగుతున్న సముద్రపు మంచు రికార్డుకు ముఖ్య ఆధారం అమెరికా రక్షణ శాఖ వాతావరణ ఉపగ్రహాలు. 2025 జూన్‌లో ఆ శాఖ కొద్ది రోజుల గడువిచ్చి ఆ సమాచారం పంపిణీ ఆపేస్తామంది. విమర్శలు వచ్చాక గడువు ఒక నెల పెంచి, చివరికి కొనసాగిస్తామని చెప్పింది. అమెరికా మంచు సమాచార కేంద్రం జపాన్ ఉపగ్రహపు పరికరం వైపు మళ్లింది. ఉచితంగా ఇచ్చేవాడు ఒక్కడే అయితే, వాడి ఇష్టం మారిన రోజున అందరి లెక్కా ఆగుతుంది.

'అన్నీ అందరికీ తెరవాలి' అన్న సూత్రానికి ఒక మినహాయింపును నేను గట్టిగా సమర్థిస్తాను. ఆర్కిటిక్ ఆదివాసులైన ఇన్యూట్ వేటగాళ్లకు ఏ మంచు ఎప్పుడు నడకకు గట్టిగా ఉంటుందో, ఏ దారిన సీల్ దొరుకుతుందో తరతరాలుగా తెలుసు. కెనడాలోని ఒక సంస్థ నడిపే 'సీకు' అనే వేదికలో వారు ఆ దారులను నమోదు చేస్తూ, ఎవరు చూడవచ్చో తామే నిర్ణయిస్తారు. ప్రభుత్వ సర్వేకు వర్తించే నియమాన్ని వీరి జ్ఞానానికి వర్తింపజేయడం అన్యాయం.

ఇందులో మన పాత్ర కూడా తక్కువేమీ కాదు. అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రం భారతి వద్ద 2013లో నెలకొల్పిన గ్రౌండ్ స్టేషన్ మన ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుని హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్‌కు పంపుతుంది. అక్కడి మన మరో కేంద్రం మైత్రిలో భూకంప పరిశీలనను హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) చాలాకాలంగా నిర్వహిస్తోంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన, భారత్-అమెరికా ఉమ్మడి ఉపగ్రహం నిసార్ పన్నెండు రోజులకోసారి అంటార్కిటికా మంచు కదలికను కొలుస్తుంది. దాని రాడార్ ఎడమవైపే చూస్తుంది; అందువల్ల దక్షిణ ధ్రువం బాగా కనిపిస్తుంది, ఉత్తర ధ్రువం చుట్టూ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని ఐరోపా, కెనడా ఉపగ్రహాలు పూరించాలి. నిసార్ సమాచారం ఉచితమని ముందే ప్రకటించారు. సరిహద్దు, తీర ప్రాంతాల టోపోషీట్లను, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే వివరమైన పటాలను, దశాబ్దాల పాటు సామాన్యులకు అందనీయని దేశం, 2021లో పటాల నిబంధనలు సడలించి, ఇప్పుడు ఇంత దూరం రావడం మెచ్చుకోదగ్గదే.

ఇక మిగిలింది పాత సమాచారం. 1981 నుంచి సాగిన మన యాత్రల కొలతలు ఎన్నో ఉన్నాయి. గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రానికి జాతీయ ధ్రువ డేటా కేంద్రం కూడా ఉంది. బెడ్‌మ్యాప్ బృందం చేసినట్టు, ఆ కొలతలను ఏరి, అంతర్జాతీయ రూపంలోకి మార్చి, అడగకుండానే దొరికేలా పెట్టడానికి ప్రత్యేకంగా మనుషులనూ ప్రతి ఏటా నిధులనూ కేటాయించాలి. యాత్ర బడ్జెట్‌లో మిగిలితే చేసే పని కింద దీన్ని వదిలేయకూడదు. దేశాలన్నీ కలిసి ధ్రువ ప్రాంతాలను పరిశోధించే అంతర్జాతీయ ధ్రువ సంవత్సరాల్లో ఐదోది 2032-33లో వస్తోంది. దాని సమాచార విధానాన్ని రాసేవారి మధ్య భారత్ కూర్చోవాలంటే ఈ పనిని అప్పటికి పూర్తిచేయడం కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి.