ఒక్క తలస్నానం రంగు గారికి

ఒక్క తలస్నానంతో పోయే బర్గండీ రంగు గారికి,

నమస్కారాలు. ఈ పొద్దున ఏడో తలస్నానం అయింది. తమరు ఇంకా మా నెత్తి మీదే ఉన్నారు. కుశలమేనా?

ఆ శనివారం హిమాయత్‌నగర్ సెలూన్‌లో తమరిని పరిచయం చేసిన అబ్బాయి ఎంత ముచ్చటగా చెప్పాడని! అమ్మోనియా లేదట, పెరాక్సైడ్ లేదట, వెంట్రుక లోపలికి వెళ్లరట, పైపైన పూతలా కూర్చుని ఒక్క షాంపూతో సెలవు తీసుకుంటారట. ఒక్క రాత్రి రిసెప్షన్‌కి అంతకన్నా ఏం కావాలి, సరే అన్నాను. (హెయిర్ స్పా కూడా అంటగట్టబోయాడు. దానికి వేరే ఉత్తరం రాయాలి.)

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఆటోలోకి నాలుగు చినుకులు కొట్టాయి. నాలుగే. మెడ వెనక చల్లగా ఏదో పాకినట్టయి తడిమి చూస్తే నా వేళ్లు బీట్‌రూట్ తరిగినట్టున్నాయి. మీగడరంగు జాకెట్టు మీద, సరిగ్గా మగ్గం వర్క్ మొదలయ్యే చోట, మూడు చారలు. రిసెప్షన్ అంతా పైట వెనక్కి కప్పుకునే తిరిగాను.

మర్నాడు తలంటుకుంటే మామూలు జుట్టులోంచి బుద్ధిగా దిగిపోయావు. ముందువైపు నాలుగు పాయలు మాత్రం గులాబీరంగులో నిగనిగలాడుతున్నాయి. కిందటేడు హైలైట్స్ కోసం బ్లీచ్ కొట్టించిన పాయలవి! బ్లీచ్ పడ్డ వెంట్రుకకి పైపొలుసులు విచ్చుకుని ఉంటాయని, అక్కడ నీలాంటివి లోపలికి దూరి తిష్ట వేస్తాయని ఆ సెలూన్ వాళ్లకి తెలియదా? "మేడం, ఇంతకు ముందు బ్లీచ్ చేయించారా?" అయిదు ముక్కలు. టీ తాగుతారా అని మూడుసార్లు అడిగినవాడికి ఇది అడగడానికి నోరు పెగల్లేదా? ఒక్క పాయ మీద రాసి చూడ్డానికి చెయ్యి రాలేదా? ఫోన్ చేస్తే "మీ హెయిర్ టైప్ అలాంటిది మేడం, కలర్ రిమూవర్ వేద్దాం, ఎక్స్‌ట్రా అవుతుంది" అంటాడా!

మా బోరు నీళ్లకి షాంపూ నురగే రాదు. రెండు తువ్వాళ్లు, ఒక దిండు గలీబు నీ ఖాతాలోనే. ఆఫీసులో మా మేనేజర్ గారు నా మొహం కన్నా రెండంగుళాలు పైకి చూస్తూ మాట్లాడుతున్నారు. చుట్టంచూపుగా వచ్చినదానివి, రేషన్ కార్డులో పేరెక్కించుకునేట్టున్నావు.

నిన్న మా ఆడపడుచు ఫోటోలు చూసి "కలర్ భలే ఉంది వదినా, ఎక్కడ వేయించుకున్నావ్?" అని అడిగింది. తనదీ హైలైట్స్ జుట్టే.

లొకేషన్ పంపించాను.