సవరణ: స్టౌర్‌హెడ్ గుహలోని జలకన్య పాలరాతి బొమ్మ కాదు

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఉన్న స్టౌర్‌హెడ్ తోట గురించి కిందటి వారం రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. గుహలో నిద్రపోతున్న జలకన్య పాలరాతి విగ్రహమనీ, తోటలో గుడిలా కట్టిన పాంథియన్ అనే కట్టడంలోని హెర్క్యులీస్ (పురాణ వీరుడు) విగ్రహాన్ని రోము నుంచి తెచ్చారనీ రాశాను. రెండూ పొరపాటే, మన్నించండి.

జలకన్య సీసంతో పోతపోసిన బొమ్మ. జాన్ చీర్ పనితనం. రాయిలా కనబడాలని పైన తెల్లరంగు పూశారు. ఊట నీళ్లు ఆమె పడుకున్న చోటి నుంచి జారి ముందున్న తొట్టిలో పడుతుంటాయి. ఆ మసక వెలుతురులో చూస్తే ఎవరికైనా రాయే అనిపిస్తుంది. అయినా పోత పనివాడి పేరు నా రాతలో లేకుండా పోవడం నన్ను బాధపెట్టింది.

హెర్క్యులీస్‌ను చెక్కింది ఆంట్వెర్ప్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ శిల్పి జాన్ మైకేల్ రిస్‌బ్రాక్. 1756లో పూర్తిచేశాడు. అంతకుముందు చేసుకున్న కాల్చిన మట్టి నమూనా ఈనాటికీ స్టౌర్‌హెడ్ భవంతిలోనే ఉంది. పాంథియన్‌లో నిజంగా ప్రాచీన రోమన్ కాలపు విగ్రహం వేరే ఉంది: రోమన్ల పంటల దేవత సెరీస్ రూపంలో ఉన్న లివియా అగస్టా (రోమన్ చక్రవర్తి అగస్టస్ భార్య). నేను ఆ రెంటినీ కలిపేశాను.

తోట యజమాని, బ్యాంకర్ హెన్రీ హోర్ గురించీ, కట్టడాలకు నమూనాలు గీసిన హెన్రీ ఫ్లిట్‌క్రాఫ్ట్ గురించీ రాసినదాంట్లో మార్పేమీ లేదు.