నలభై రెండేళ్ల బ్యాటర్‌కు జట్టు ఎలా దొరికింది?

2021 మే నెలలో అమెరికా బేస్‌బాల్ జట్టు లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ ఆల్బర్ట్ పుహోల్స్‌ను వదులుకునే నాటికి ఆయన బ్యాటింగ్ సగటు .198, అంటే వెయ్యి ప్రయత్నాలకు 198 హిట్ల చొప్పున. పదేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందంలో అది ఆఖరి ఏడాది. ఆయన పని అయిపోయిందనే మాట అప్పుడు గట్టిగానే వినిపించింది. వయసు పైబడిన ఆటగాడి విషయంలో జట్లు పొరబడేది ఇక్కడేనని నా నమ్మకం: ఆటనంతా ఒక్క సగటుతో తూచి పక్కన పెడతాయే తప్ప, ఇప్పటికీ ఆయన చేతిలో ఉన్న పని ఏమిటని విడిగా చూడవు.

అమెరికా బేస్‌బాల్‌లో అగ్రస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో నచ్చిన జట్టుతో బేరం మాట్లాడుకునే హక్కు ఆటగాడికి ఆరేళ్ల సర్వీసు నిండాకే వస్తుంది. ఐపీఎల్‌లో మాదిరిగా ఇక్కడ వేలం పాట ఉండదు. ఏజెంట్ ద్వారా జట్లతో నేరుగా మాట్లాడుకోవడమే. 1975లో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో దారి తెరుచుకున్న ఈ స్వేచ్ఛ చేతికందేసరికి చాలామందికి ముప్పై ఏళ్లు దగ్గరపడతాయి. కాబట్టి పెద్ద ఒప్పందం చివరి ఏళ్లలో ఆట తగ్గితే నిందంతా ఆటగాడి మీదే మోపడం న్యాయం కాదు.

ఏంజెల్స్ వదిలేసిన పుహోల్స్‌ను తీసుకున్న డాడ్జర్స్ జట్టు ఆయనను ఎక్కువగా ఎడమచేతి పిచర్ల (బ్యాటర్‌కు బంతి విసిరేవారి) మీదకే దించింది. ఆ ఏడాది మొత్తంలో అలాంటి పిచర్లపై ఆయన సగటు .294. కుడిచేతి బ్యాటర్‌కు ఎడమచేతి పిచర్ బంతి విడిచిన క్షణం నుంచే స్పష్టంగా కనబడుతుంది, వంపు తిరిగే బంతి దూరంగా పోకుండా తన వైపే వస్తుంది. పరుగు మందగించినా పుహోల్స్‌కు బంతిని చదివే కన్ను మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ డిసెంబరులో ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం కుదరక జట్ల యజమానులు లాకౌట్ ప్రకటించి లీగ్ పనులు ఆపేయడంతో 99 రోజుల పాటు జట్లు ఏ ఆటగాడితోనూ బేరాలు జరపలేదు. నలభై దాటిన మనిషికి ఒక్కో వారమూ విలువైనదే. పుహోల్స్ ఊరికే కూర్చోలేదు, స్వదేశమైన డొమినికన్ రిపబ్లిక్‌కు వెళ్లి శీతాకాలపు లీగ్‌లో ఆడారు. 2022 మార్చి 10న యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం, ఫీల్డింగ్ చేయకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే డిజిగ్నేటెడ్ హిట్టర్ స్థానాన్ని మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌కూ తెచ్చింది. నా దృష్టిలో అసలు మలుపు అదే. ఆ నెలాఖరులో, ఆయనను తొలి పదకొండేళ్లు ఆడించిన నేషనల్ లీగ్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్ 25 లక్షల డాలర్లకు ఏడాది ఒప్పందం ఇచ్చింది. అందులో పాత అభిమానం లేదనను. అయితే ఒప్పందం మొత్తాన్ని అభిమానం ఖాతాలో వేస్తే, ఆ జట్టు వేసిన లెక్కను తక్కువ చేసినట్టే.

సీజన్ మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామం నాటికి ఆరే హోమ్ రన్లు (బంతిని మైదానం కంచె దాటించే దెబ్బలు), సగటు .215. అక్కడే ఆపేసి ఉంటే తప్పుపట్టేవారు ఉండరు. ఆయన కన్నా వయసులో చిన్నవాడైన మేనేజర్ ఆలివర్ మార్మోల్ మాత్రం ఓపిక పట్టారు. విరామం తర్వాత పుహోల్స్ మరో 18 హోమ్ రన్లు కొట్టారు. ఎడమచేతి పిచర్లపై ఏడాది సగటు .345కు చేరింది.

సెప్టెంబరు 23న డాడ్జర్ స్టేడియంలో ఎడమచేతి పిచర్ ఆండ్రూ హీనీ బంతిపై తన కెరీర్‌లో 699వ హోమ్ రన్ కొట్టిన ఆయన, మరుసటి ఇన్నింగ్స్‌లోనే 700వది కొట్టారు. అది కుడిచేతి పిచర్ ఫిల్ బిక్‌ఫర్డ్ వేసిన బంతి. బేస్‌లన్నీ చుట్టి వచ్చి, నేరుగా ప్రేక్షకుల ముందుండే రక్షణ వల దగ్గరికి వెళ్లి, అవతల నిలబడిన తన దేశస్థుడు, మాజీ ఆటగాడు ఆడ్రియన్ బెల్ట్రే చేతికి చేయి కలిపారు.