మరమ్మతు చేయండి, గేటు పెట్టకండి

పాడుబడిన ప్రభుత్వ మెరీనాను, అంటే చిన్నాపెద్దా పడవలు కట్టుకునే రేవును, బాగుచేస్తామంటే కాదనేవాళ్లెవరు? కాలు పెడితే ఊగే చెక్కలు, తుప్పు తిని సన్నబడిన బోల్టులు, అల వచ్చినప్పుడల్లా నీళ్లను తాకే కరెంటు తీగలు ఇంకో ఏడాది కూడా అలా ఉండకూడదు. డబ్బు ఖర్చు పెట్టాల్సిందే. కానీ ఆధునికీకరణ అన్న మాట వెంట ప్రైవేటు కంపెనీలతో వస్తున్న ఒప్పందాలను చూస్తే మాకు భయం వేస్తోంది. కట్టే పని కొన్నేళ్లలో అయిపోతుంది, లీజు మాత్రం రెండు తరాలు నడుస్తుంది. కొత్త పంటూన్లు (నీళ్లమీద తేలే వేదికలు) వస్తాయి, వాటి పక్కన చిన్న పడవకు చోటు తగ్గుతుంది. ఇన్నాళ్లూ ఎవరైనా వచ్చి పడవ దింపుకున్న ర్యాంపు దగ్గర గేటు వెలుస్తుంది. ఆస్తిని అమ్మలేదు కదా అని పాలకులు చెప్పుకోవచ్చు. అమ్మకుండానే చేజార్చుకునే పద్ధతి ఇది. ఒకచోట దీన్ని మామూలు విషయంగా ఒప్పుకున్నామా, తర్వాతి రేవుకు ఇదే కాగితం పేరు మార్చుకుని వస్తుంది.

ఖజానాలో డబ్బు లేదు, ప్రైవేటు పెట్టుబడి రాకపోతే ఉన్న మెరీనా కూడా మూతపడుతుంది అన్నది అవతలివాళ్ల వాదన. నిర్వహణ ఖర్చు ఎక్కువన్న మాట నిజమే. అయితే ఉప్పునీరు ఇనుమును తింటుందన్న సంగతి ఎవరికీ కొత్తగా తెలిసింది కాదు. ఏటా వసూలయ్యే బెర్తుల (పడవ కట్టుకునే చోట్ల) అద్దెలో కొంత తీసి మరమ్మతుల కోసం పక్కన పెడితే పరిస్థితి ఇక్కడిదాకా రాదు. అద్దెను వేరే ఖాతాలకు మళ్లించి, చెక్కలు పుచ్చిపోయేదాకా చూస్తూ కూర్చుని, చివరికి ఆ పుచ్చునే చూపించి లీజుకు ఇచ్చేస్తామనడం ఏం న్యాయం? ఈ లెక్క ఒకసారి చెల్లితే, రేపు ఏ పార్కునో, ఏ గ్రంథాలయాన్నో కావాలని పాడుపెట్టినా అడిగే దిక్కుండదు.

చిన్న పడవ ఎలా మాయమవుతుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే అది ప్రెస్ నోట్‌లో కనిపించదు. పడవ పొడవు పెరిగితే బెర్తు వెడల్పూ పెరుగుతుంది. రెండు వరసల మధ్య పడవ తిప్పుకోవడానికి వదిలే దారి కూడా పెరగాలి. అక్కడ కట్టే అతి పెద్ద పడవ పొడవుకు ఆ దారి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది డిజైనర్లు మామూలుగా పాటించే లెక్క. 8 మీటర్ల పడవలకు 12 మీటర్ల దారి చాలు. 16 మీటర్ల పడవలు తెస్తే అది 24 మీటర్లు కావాలి. ఉన్న నీళ్లు మాత్రం అంతే. కాబట్టి ఎవరినీ ఖాళీ చేయమని నోటీసు ఇవ్వక్కర్లేదు. ప్లాన్‌లో నాలుగు గీతలు జరిపితే చాలు, ఆదివారం పొద్దున్నే మోకు విప్పుకుని నీళ్లమీదికి వెళ్లే మామూలు మనిషికి ఇక చోటుండదు. అడిగితే వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకుంటారు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రభుత్వానికి సొంతమైన మెరీనా డెల్ రేలో పాత రేవుల్ని తిరిగి కట్టే ప్రణాళికల్లో చిన్న బెర్తులు తగ్గిపోవడం మీద ఏళ్ల తరబడి గొడవ నడిచింది. అక్కడ జనానికి పట్టుకోవడానికి కనీసం ఒక చట్టం ఉంది. పడవల కోసం, చేపల వేట కోసం ఉన్న రేవు స్థలాన్ని తగ్గించాలంటే దానికి గిరాకీ లేదని తేలాలి, లేదా సరిపడా వేరే చోటు చూపించాలి అని కాలిఫోర్నియా 1976లోనే తీర సంరక్షణ చట్టంలో రాసుకుంది. ఒకే ఒక్క వాక్యం అది. మన టెండరు పత్రాల్లో అలాంటి వాక్యం పెట్టడానికి ఎందుకంత ఇబ్బంది?

ఇక అడుగున ఉన్న బురద సంగతి. పడవల అడుగుకు గుల్లలు పట్టకుండా పూసిన, ట్రైబ్యుటైల్‌టిన్ అనే విష రసాయనం కలిసిన రంగులను నిషేధిస్తూ అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. కానీ అంతకుముందు దశాబ్దాల పాటు రాలిన రంగు, దానితోపాటు రాగి, పాత మెరీనాల అడుగు మట్టిలో ఉండిపోయే పదార్థాలు. పూడిక తీసినప్పుడు ఆ మట్టిని ఎక్కడపడితే అక్కడ పోయడానికి లేదు. పరీక్షలు చేయించాలి, విషం తేలితే ప్రత్యేకంగా పూడ్చాలి, అదంతా ఖర్చు. ఆ బిల్లు ఎవరు కడతారన్నది ఒప్పందంలో మొదటి పేజీలోనే ఉండాలి. అద్దెలు ఆపరేటరుకు, బురద జనానికి అన్న పంపకాన్ని ఒక్క మెరీనాలో ఒప్పుకున్నా, తర్వాత వచ్చే ప్రతి బిడ్డరూ అదే అడుగుతాడు. అడగకుండా ఎందుకుంటాడు?

నీటి అంచును ఒకరి చేతిలో పెట్టే హక్కు ప్రభుత్వాలకు అసలు ఎంతవరకు ఉందన్నది కోర్టులు ఏనాడో తేల్చిన విషయం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభ 1869లో షికాగో ఎదుట మిషిగన్ సరస్సు అడుగు నేలను, వెయ్యి ఎకరాలకు పైగా, ఒక రైల్వే కంపెనీకి రాసిచ్చింది. నాలుగేళ్లకు తప్పు తెలుసుకుని వెనక్కి తీసుకుంది, ఆ వివాదం కోర్టుకెక్కింది. ఆ నేల ప్రజల తరఫున ప్రభుత్వం దగ్గర నమ్మకంగా ఉంచిన ఆస్తి, దాన్ని అలా వదులుకునే అధికారం లేదని అమెరికా సుప్రీంకోర్టు 1892లో తీర్పు చెప్పింది. అదే సూత్రాన్ని పట్టుకుని భారత సుప్రీంకోర్టు బియాస్ నది ఒడ్డున ఒక మోటెల్‌కు ఇచ్చిన అటవీ భూమి లీజును 1996లో రద్దు చేసింది. అదే షికాగో సరస్సు తీరంలో ఇప్పుడు నగర పార్కులను చూసే ప్రభుత్వ సంస్థ పార్క్ డిస్ట్రిక్ట్ కింద 10 హార్బర్లు, దాదాపు 6,000 పడవలకు చోటు ఉన్నాయి. రోజువారీ నిర్వహణను కాంట్రాక్టుకు ఇచ్చినా యాజమాన్యం వదులుకోలేదు. అంటే ప్రైవేటు చెయ్యి తగిలితేనే తప్పని మేము అనడం లేదు. ఊడ్చే పని, తాళాలు వేసే పని, బిల్లులు వసూలు చేసే పని ఎవరికైనా ఇవ్వండి. ఎవరు లోపలికి రావాలో తేల్చే అధికారం మాత్రం ఇవ్వకండి.

ఇంత చెప్పినా సంతకాలు పెట్టే తొందరలో ఉన్నవాళ్లను నేరుగా అడుగుతున్నాం. ఇప్పుడు ఎన్ని చిన్న బెర్తులున్నాయి, పని అయ్యాక ఎన్ని ఉంటాయి? ఆ అంకెను బయటపెట్టకుండా రంగురంగుల బొమ్మలు విడుదల చేయడానికి మీకు సిగ్గు లేదా? ఒప్పందం పూర్తి పాఠాన్ని జనం ముందు పెట్టకుండా వాణిజ్య రహస్యమని దాచడానికి, ఆ రేవు మీ సొంత పెరడేమీ కాదు. పదవిలో మీరుండేది ఐదేళ్లు. రెండు తరాల లీజు మీద సంతకం పెట్టే ముందు ఆ ర్యాంపు గేటు తాళం ఎవరి జేబులో ఉంటుందో చెప్పండి. అది చెప్పేదాకా పెన్ను కింద పెట్టండి.