ఫైలు చల్లగా ఉండాలి

శ్రీకాకుళం జిల్లాలో గాలిలో తేమ ఎక్కువ. సముద్రం పక్కనే ఉంది మరి. అందుకే ఇక్కడ ఫైళ్లను కంటికి రెప్పలా కాపాడుకోవాలి. ఈ విషయంలో మా కాలేజీ ఎంత ముందుందో చెప్పాలనే ఈ వ్యాసం.

మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి ఒక గ్రాము ఎన్‌ఏడీ కావాల్సి వచ్చింది. ఎన్‌ఏడీ అంటే కోఎంజైమ్, ఎంజైమ్‌ల పనికి తోడుపడే అణువు. ఏడురోడ్ల జంక్షన్‌లో మనిషిని ఎక్కించుకుని ఆమదాలవలస స్టేషన్‌లో దింపి, మళ్లీ ఖాళీగా వచ్చే ఆటో ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఒక అణువు దగ్గర హైడ్రోజన్‌ని ఎక్కించుకుంటుంది, ఇంకో అణువు దగ్గర దింపేస్తుంది. మనిషి ఎక్కిన ఆటో పేరు ఎన్‌ఏడీహెచ్. అది 340 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, ఖాళీ ఆటో పీల్చుకోదు. జీవరసాయన ప్రయోగాల్లో సగం ఈ ఒక్క తేడా మీదే బతుకుతున్నాయి.

ఇండెంట్‌లో, అంటే కొనిపెట్టమని అడిగే కాగితంలో, పూర్తి పేరు రాశాను. నికోటినమైడ్ ఎడెనిన్ డైన్యూక్లియోటైడ్. కొనుగోళ్ల గుమాస్తా గారు మొదటి నాలుగక్షరాల దగ్గరే ఆగిపోయారు.

"మాస్టారూ, కాలేజీ డబ్బుతో నికోటినా?"

పొగాకుకీ దీనికీ సంబంధం లేదన్నాను. నికోటినిక్ ఆమ్లాన్ని మొదట నికోటిన్ నుంచే తయారుచేశారనీ, జనం ఇలా కంగారుపడతారనే ఆ విటమిన్‌కి నయాసిన్ అని వేరే పేరు పెట్టారనీ వివరించాను. ఆయన శ్రద్ధగా విని, వాళ్ల అప్పమ్మ చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగి కూడా చాలాకాలం బతికిందని చెప్పి, ఒక కాగితం మీద "ధూమపానానికి కాదు" అని రాయించుకున్నారు. ఆ కాగితం ఫైలుకి మొదటి పేజీ అయింది.

తర్వాత మూడు కొటేషన్లు. ఒకదానిలో లాట్ నంబరు, హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో తేలిన స్వచ్ఛత, నీటి శాతం, మైనస్ 20 డిగ్రీల దగ్గర పొడిగా నిల్వ చేయాలన్న సూచన, విశ్లేషణ సర్టిఫికెట్ నకలు అన్నీ ఉన్నాయి. ఇంకోదానిలో ఇందులో సగం ఉన్నాయి. మూడోది, అన్నిటికన్నా చవకది, "తెల్లని పొడి, మంచి రకం" అంది. తులనాత్మక పట్టికలో ధరకి గడి ఉంది, ఎన్నాళ్లలో పంపుతారన్నదానికి గడి ఉంది, స్వచ్ఛతకి గడి లేదు. కొత్త గడి గీయమంటే నమూనా పత్రం మార్చడానికి పైవాళ్ల అనుమతి కావాలన్నారు. చివరికి ఖరీదైనది ఎందుకు కావాలో పదకొండు పేజీల సంజాయిషీ రాసిచ్చి గెలిచాను. ఫైలు లావెక్కింది. అందరూ సంతోషించారు.

పార్సిల్ శుక్రవారం సాయంత్రం ఊళ్లోకి వచ్చి, సోమవారం పొద్దున గేటు దగ్గరికి చేరింది. లోపలి ఐస్ ప్యాకులు కరిగి నీళ్ల సంచులయ్యాయి. నేను వెళ్లేసరికి పెట్టె ఎండలో ఉంది. కాపలా తాతని అడిగాను.

"పెట్టె చెమ్మగిలిపోనాది బావూ, ఆరతాదని ఎండలో ఎట్టినాను."

ఆయన్ని తప్పుపట్టను. మొత్తం వ్యవహారంలో తేమ పనికిరాదని గ్రహించిన మనిషి ఆయనొక్కడే. ఎన్‌ఏడీ పొడిగా ఉన్నంతకాలం రెండు మూడు రోజుల ప్రయాణానికి చావదు. దాన్ని చంపేది నీరు. సీసా మూత గట్టిగానే ఉంది. అమ్మాయి ఆ రోజే చిటికెడు కరిగించి, ఆల్కహాల్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్‌తో మొత్తం ఎన్‌ఏడీహెచ్‌గా మార్చి 340 దగ్గర చూసింది. 0.1 మిల్లీమోలార్ ద్రావణానికి ఒక సెంటీమీటరు క్యువెట్‌లో, అంటే కాంతి దూరిపోయే చిన్న పాత్రలో, ఎంత కాంతి పీల్చుకుందో చెప్పే అంకె 0.62 రావాలి. 0.61 వచ్చింది. ఆ సంతోషానికి క్యాంటీన్‌లో నాతో టీ ఇప్పించుకుంది.

మిగతా పొడిని ఇరవై చిన్న గొట్టాల్లోకి పంచి పెట్టుకుంటానంది. అదే సరైన పద్ధతి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక గొట్టమే తీస్తాం, మిగతా పందొమ్మిదీ చలిలో కదలకుండా ఉంటాయి. కానీ స్టాకు రిజిస్టర్‌లో "సీసా - 1" అని ఉంది. ఇరవై గొట్టాలు కనబడితే పందొమ్మిది ఎక్కడినుంచి వచ్చాయని ఆడిట్‌లో అడుగుతారట, పైగా సీసా ఒకటి ఖాళీ అయిందని రాయాలట. వద్దన్నారు. పెట్టెలో వచ్చిన సిలికా జెల్ పొట్లాలు మాత్రం వృథా కాలేదు. సూపరింటెండెంట్ గారు వాటిని చూడగానే ముచ్చటపడి ఫైళ్ల బీరువాలో పెట్టించారు. చెమ్మకి ఫైళ్లు బూజుపడుతున్నాయట.

ఇక భౌతిక తనిఖీ. ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. మైనస్ 20 నుంచి సీసా బయటికి తీయించారు. గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదండీ, అరగంట ఆగాలి అన్నాను. ఒకాయనకి పన్నెండు గంటల బస్సు ఉంది. మూత తీశారు. చల్లటి సీసా, ఆగస్టు నెల గాలి. లోపలి గాజు మీద ఆవిరి పట్టడం నా కళ్లతో చూశాను, పెళ్లివారింట్లో మజ్జిగ గ్లాసుకి పట్టినట్టు. మొదటాయన లోపలికి చూశారు. రెండో ఆయన వాసన చూశారు. మూడో ఆయన సీసాని రెండుసార్లు తట్టి, "గ్రాము ఉంటుంది" అన్నారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు.

నేను మరీ గునిశానేమో, వాళ్లలో చదువుకున్నాయన నాకు సమాధానం చెప్పారు. 1906లో హార్డెన్, యంగ్ అనే ఇద్దరు ఈస్ట్ రసాన్ని ఉడికించారు. వడగట్టాక పులియడం ఆగిపోయిన పచ్చి రసంలో ఆ ఉడికిన రసం కలిపితే మళ్లీ పులియడం మొదలైంది. అందులో ఉన్నది ఇదే. హార్డెన్‌కి 1929లో నోబెల్ కూడా వచ్చింది. "ఉడికించినా చావనిది శ్రీకాకుళం గాలికి చస్తుందా మాస్టారూ?" నాకు నోట మాట రాలేదు. చరిత్రంతా నిజమే. హార్డెన్ ఆ రసాన్ని ఏడాదిపాటు దాచుకుని, నెలకోసారి మూత తీసి కమిటీకి చూపించలేదని మాత్రం ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

నెలకోసారి అని ఊరికే అనలేదు. దసరా ముందు ఒకసారి, కొత్త ఇన్‌ఛార్జి వచ్చాక ఒకసారి, సంవత్సరాంతంలో ఒకసారి సీసాని లెక్కపెట్టారు. ఒకటే సీసాని. మధ్యలో కరెంటు పోయిన రోజులు సరేసరి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని జిల్లా మాది, ఆ అనుభవంతోనే ఇన్వర్టర్ కొన్నారు. అది ఆఫీసు గదికి. ఫ్రీజర్‌కి కనెక్షన్ అడిగితే లోడు పెరుగుతుందన్నారు.

మార్చిలో అమ్మాయి మళ్లీ పరీక్ష పెట్టింది. ముందు 260 నానోమీటర్ల దగ్గర చూస్తే పొడి బ్రహ్మాండంగా కనబడింది. అక్కడ ఎడెనిన్ ఉన్న ముక్క ఏదైనా సరే పెద్దమనిషిలాగే ఉంటుంది, విరిగిపోయిన ఎన్‌ఏడీ కూడా. తర్వాత ఎంజైమ్ వేసి 340కి వెళ్లింది. 0.41. ఇంకోసారి చేసింది. 0.41. క్యువెట్ కడిగి మూడోసారి చేసి, ఏమీ అనకుండా ఆ అంకె నోటుబుక్కులో రాసి కింద గీత గీసింది. ఆర్నెల్ల పని.

ఏప్రిల్‌లో ఆడిట్ వచ్చింది. బీరువా తీశారు. సిలికా జెల్ పుణ్యమా అని ఒక్క కాగితానికీ చెమ్మ లేదు, ఒక్క సంతకం కూడా చెదరలేదు, పదకొండు పేజీల నా సంజాయిషీ నిన్న టైపు చేసినట్టుంది. ఫైలు చాలా బాగా పెట్టారని మెచ్చుకున్నారట. నేను కొత్త గ్రాము కోసం ఇండెంట్ పట్టుకెళ్లినప్పుడు గుమాస్తా గారు ఆ కబురు చెప్పి, కళ్లజోడు సర్దుకుని, కాగితం మీద మొదటి నాలుగక్షరాల దగ్గర వేలు పెట్టారు.

"ఈసారి ఆ నికోటిన్ లేనిది రాయండి మాస్టారూ. ఎందుకొచ్చిన గొడవ."