మోనికమ్మ కథ మా అమ్మకు ముందే తెలిసుంటే

మా అన్న పంతొమ్మిదేళ్ల వయసులో రాత్రిపూట ముంబై బస్సెక్కాడు. పొలంలో మోటర్ వేసొస్తానని చెప్పి వెళ్లాడు. నారాయణపేట దిక్కు ఊళ్లలో ఇది ఎన్నో ఇళ్లలో జరిగిందే. ఆ రాత్రి అమ్మ మందిరంలో ఉపవాస ప్రార్థనలో ఉంది. తెల్లారి వచ్చి చూస్తే చాప మడత పెట్టినట్టే ఉంది.

తర్వాత ఒక కూడికలో ప్రసంగీకుడు అమ్మ తల మీద చెయ్యి పెట్టి, "నీ విశ్వాసంలో ఎక్కడో లోపముందమ్మా, అందుకే కొడుకు తిరిగి వస్తలేడు" అన్నాడు. ఆ మాట అమ్మ ఎన్నేళ్లు మోసిందో నాకు తెలుసు. ఉపవాసాలు పెంచింది, కానుకలు పెంచింది, నిద్ర తగ్గించుకుంది. కొడుకు రాకపోవడం ఒక బాధ. అది తన తప్పేనన్న టెన్షన్ ఇంకో బాధ.

మా ఆవిడది నల్లగొండ దిక్కు కథోలిక కుటుంబం. వాళ్లింట్లో ఆగస్టు 27న మోనికమ్మ పండుగ, మర్నాడు ఆమె కొడుకు అగస్టీన్ పండుగ గుర్తు చేసుకుంటారు. ఇద్దరూ కథోలికులు పునీతులుగా, అంటే పరిశుద్ధులుగా గౌరవించేవాళ్లు. ఎం.బి. చర్చిలో, అంటే మెన్నొనైట్ బ్రెదరెన్ అనే ప్రొటెస్టెంట్ సంఘంలో పెరిగిన నాకు ఆ పేర్లు కొత్త. పెళ్లయ్యాకే అగస్టీన్ తన బతుకు గురించి రాసుకున్న 'ఒప్పుకోలు' చదివాను. అది దాదాపు 1,600 ఏళ్ల కిందటి పుస్తకం. అందులో మా ఇల్లే కనిపించింది.

అగస్టీన్ 354లో ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియాలో పుట్టాడు. తెలివైనవాడు, కానీ తల్లి విశ్వాసం వదిలేసి వేరే మతం పట్టాడు. కార్తేజ్ రేవు నుంచి రోముకు వెళ్లిపోవాలనుకున్నాడు. తల్లి వదలలేదు, వెంటే వచ్చింది. గాలి అనుకూలించే దాకా స్నేహితుడికి తోడుంటానని అబద్ధం చెప్పి, ఆమెను దగ్గర్లోని సిప్రియన్ మందిరంలో రాత్రి ఉండమన్నాడు. కొడుకును వెళ్లనివ్వొద్దని ఆమె రాత్రంతా ఏడుస్తూ ప్రార్థించింది. ఆ రాత్రే ఓడ వెళ్లిపోయింది.

అగస్టీన్ ఈ సంగతి దాచుకోలేదు. ఆ రాత్రి ఆమె అడిగింది ఇవ్వలేదు నువ్వు, ఎప్పుడూ అడుగుతూ వచ్చింది ఇవ్వడానికే అని దేవుడితో అంటాడు. రోము నుంచి మిలాన్‌కు వెళ్లాడు, అక్కడ అంబ్రోజ్ బిషప్ ప్రసంగాలు విన్నాడు, 387 ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి 32 ఏళ్లు. ఆ ఓడ ఆగి ఉంటే మిలాన్ లేదు.

ఇంకొకటి. అంతకు చాలా ముందు మోనికమ్మ ఒక బిషప్ దగ్గరికి పోయి, నా కొడుకుతో మాట్లాడండని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. ఆమె ఏడుపు ఆపలేదు. చివరికి ఆయన కాస్త విసుక్కుంటూనే, ఇన్ని కన్నీళ్ల కొడుకు నశించిపోవడం జరగదు, వెళ్లమ్మా అన్నాడు. ఆ బిషప్ పేరు కూడా పుస్తకంలో లేదు. విసుగులో ఆయన అన్న మాట ఎక్కడ, మా అమ్మకు మైకులో దొరికిన మాట ఎక్కడ!

మా సంఘాల మీద నా కోపం ఇక్కడే. మేం సాక్ష్యాలంటే జవాబు వచ్చిన ప్రార్థనలే వింటాం. ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది, జ్వరం తగ్గింది, స్తోత్రం. మంచిదే, నేనూ ఆమెన్ అంటాను. కానీ పదేళ్లుగా జవాబు రాని తల్లి ఏ సాక్ష్యం చెప్పాలి? ఆమె లేచి నిలబడే చోటే మా ఆరాధనలో లేదు. పాత పరిశుద్ధుల రాతల్లో ఆ చోటుంది. ఓటమి, ఆలస్యం, ఎండిపోయిన ప్రార్థన, అన్నీ దాచకుండా రాసిపెట్టారు.

"పునీతులు కథోలికులకు, మనకు బైబిలు చాలు" అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. బైబిలు చాలు, నిజమే. ఆ బైబిల్లోనే హెబ్రీ పత్రిక, వాక్యం బోధించిన పెద్దలను జ్ఞాపకం చేసుకుని వాళ్ల విశ్వాసాన్ని అనుసరించమంటుంది. పూజించమని కాదు, అనుసరించమని. పైగా మాకూ మావాళ్లున్నారు కదా! 1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చిన మిషనరీలు ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్లు, అంటే బాప్తిస్మం పసిపిల్లలకు కాదు, నమ్మిన పెద్దవాళ్లకే ఇవ్వాలనే క్రైస్తవ శాఖవాళ్లు. మా చర్చి బోర్డు మీది 'మెన్నొనైట్' అన్న మాట ఎక్కడిదో మా యూత్‌లో ఎంతమందికి తెలుసు?

మెన్నొనైట్లు తమవాడిగా తలుచుకునే డిర్క్ విల్లెమ్స్ కథ చెబుతాను. హాలండ్‌లో పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నందుకు అతన్ని బంధించారు. గుడ్డలు ముడివేసిన తాడుతో గోడ దిగి, గడ్డకట్టిన నీళ్ల మీదుగా పరుగెత్తాడు. తరుముతున్న భటుడి కింద మంచు పగిలింది. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతన్ని పైకి లాగాడు. దొరికిపోయాడు. 1569 మే 16న సజీవంగా తగలబెట్టారు. తగలబెట్టింది కథోలిక ప్రభుత్వం. ఆ కథ నేనూ మా ఆవిడా పక్కపక్కన కూర్చునే చదివాం. ఇద్దరికీ చాలాసేపు మాట రాలేదు. శత్రువును ప్రేమించడం గురించి నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ మనిషి వెనక్కి తిరగడం ఒక ఎత్తు.

అమ్మకు చదువు రాదు. మోనికమ్మ కథ నేనే చెప్పాను, పొయ్యి దగ్గర కూర్చుని. ఓడ వెళ్లిపోయిన దగ్గర అమ్మ చేతిలో పని ఆపేసింది. "ఆమె ప్రార్థన సుత తప్పిందా?" అంది. తప్పలేదమ్మా, ఆ రాత్రికి జవాబు రాలేదంతే అన్నాను. "మరి ఆమె ఇశ్వాసంల లోపమున్నదని ఎవరన్న అన్నరా?" అని అడిగింది. లేదన్నాను. అమ్మ ఇంకేం అనలేదు.

అన్న ఇంకా ముంబైలోనే ఉన్నాడు. ఆదివారాలు ఫోన్ చేస్తాడు, కొన్నిసార్లు తాగి. పోయిన నెల స్త్రీల కూడికలో సాక్ష్యాల వేళ అమ్మ లేచి, "నా కొడుకు ఇంక రాలే. నేను అడుగుడు ఆపలే" అని చెప్పి కూర్చుందట. కూడిక అయ్యాక ముగ్గురు తల్లులు అమ్మ దగ్గరికి వచ్చారు. వాళ్లకు మోనికమ్మ కథ చెప్పి, ఇల్లు చేరేసరికి చీకటి పడింది.